పనిముట్ల పేర్లే కాదు, కొలతలూ వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి మరమ్మతులకు చేతిసంచిలో ఉంచుకోవాల్సిన పనిముట్లంటూ మీ ఆదివారం పేజీలో వేసిన జాబితా చూశాం. సుత్తి, స్క్రూడ్రైవర్, పానా, కటింగ్ ప్లయర్, రంపం, టేపు... పేర్లన్నీ సరిగానే ఉన్నాయి. ఒక్క పేరు పక్కనా కొలత లేదు. ఆ జాబితా పట్టుకుని దుకాణానికి వెళ్లిన మనిషిని అడిగే మొదటి మాట "ఏ సైజు?" అనే. జవాబు తెలియకే చాలామంది నూరు ముక్కల డబ్బా కొనేస్తారు. ఆ నూరులో చాలావరకు చిన్న చిన్న బిట్లు, సాకెట్లే ఉంటాయి. రోజూ చేతికి కావలసిన నాలుగైదు వస్తువులు మాత్రం అన్నిటికన్నా నాసిగా ఉంటాయి. అందుకే ఏ సైజు కావాలో, ఎందుకు కావాలో రాస్తున్నాం. చోటుంటే వేయండి.

స్క్రూడ్రైవర్‌తో మొదలుపెడతాం. పాడయ్యే పనుల్లో ఎక్కువ భాగం అక్కడే పాడవుతాయి. అందరూ స్టార్ అనే తలలో నిజానికి రెండు రకాలున్నాయి. ఒకటి ఫిలిప్స్, పిడి మీద పీహెచ్ అని ఉంటుంది. రెండోది పోజీడ్రైవ్, దాని మీద పీజెడ్ అని ఉంటుంది. పోజీ స్క్రూ తల మీద ప్లస్ గుర్తు చేతుల మధ్యలో నాలుగు సన్నని గీతలు కనిపిస్తాయి. విడిభాగాలుగా వచ్చి ఇంట్లో బిగించుకునే బీరువాలు, అరల స్క్రూలు చాలావరకు ఈ రకమే. పోజీ తలలో ఫిలిప్స్ మొన పెడితే అడుగుదాకా కూర్చోదు. మొదటి చుట్లు బాగానే తిరుగుతాయి, గట్టిగా బిగించే ఆఖరి చుట్టులో జారి పైకి లేచి గాడిని గుండ్రంగా తినేస్తుంది. చెయ్యి బలం చాలలేదనుకుని ఇంకా తిప్పుతారు. లోపం బలంలో లేదు, మొనలో ఉంది.

సంచికి పీహెచ్ 2, పీజెడ్ 2, పీహెచ్ 1 కావాలి. మూడున్నర నుంచి 5 మిల్లీమీటర్ల మందం స్క్రూలకు 2 నంబరు, స్విచ్‌బోర్డుల్లోని సన్న స్క్రూలకు 1 నంబరు సరిపోతాయి. ఒకే గాటు ఉన్న తలలకు 5.5 మిల్లీమీటర్ల బద్ద మొనది ఒకటి, వైరింగ్ కనెక్టర్లకు 3 మిల్లీమీటర్లది ఒకటి. బద్ద మొన గాటు వెడల్పంతా నిండాలి, మందమూ సరిపడాలి. సన్నగా ఉంటే మొన మెలిపడుతుంది, వెడల్పుగా ఉంటే చుట్టూ చెక్కను గీరుతుంది. వీటికి తోడు అరల లోపల, సింకు కింద తిప్పడానికి పొట్టి స్టార్ ఒకటి ఉంటే చాలు. కరెంటు పనికి వాడేవాటి మీద 1000 వోల్టుల ముద్ర, రెండు త్రికోణాల గుర్తు ఉండాలి. పిడి మీద ప్లాస్టిక్ తొడుగున్నంత మాత్రాన ఆ రకం అయిపోదు. మొన దాకా కాడకు తొడుగు ఉండాలి, ఆ తొడుగు ఎక్కడ చిట్లినా కరెంటు పనికి దాన్ని పక్కన పెట్టేయాలి.

పాత ఇంట్లో స్క్రూ రాకపోవడానికి పెద్ద కారణం తుప్పు కూడా కాదు, గాటులో గట్టిపడిన రంగు. ముందు బ్లేడు మొనతో ఆ రంగు పూర్తిగా గీకి తీయాలి. తర్వాత డ్రైవర్‌ను బరువంతా వేసి నొక్కి, వదులు చేసే ముందు ఒక్క వెంట్రుకవాసి బిగించే వైపు కదపాలి. పట్టు విడిచిన చప్పుడు వినిపిస్తుంది, ఆపైన వెనక్కి తిప్పాలి. గాడి ఇప్పటికే అరిగిపోతే మధ్యలో వెడల్పాటి రబ్బరు బ్యాండు పెట్టి తిప్పి చూడొచ్చు. అదీ కుదరకపోతే హ్యాక్సా బ్లేడుతో తల మీద కొత్త గాటు కోసి బద్ద మొనతో తీయాలి.

ఇక టేపు. 5 మీటర్లది, రేకు వెడల్పు 19 లేక 25 మిల్లీమీటర్లు. 25 అయితే మనిషి సాయం లేకుండా గాలిలో ఎక్కువ దూరం వంగకుండా నిలుస్తుంది. కొసన ఉండే కొక్కెం కొంచెం ముందుకూ వెనక్కూ ఆడుతుంది. వదులైందనుకుని దాని రివెట్లను సుత్తితో కొట్టి బిగించేవాళ్లున్నారు, దాంతో మంచి టేపు పాడవుతుంది. ఆ ఆట కావాలనే పెట్టినది. కొక్కెం మందం ఎంతో అంతే ఆడుతుంది: అంచుకు తగిలించి లాగినప్పుడు బయటికి, గోడకు ఆనించి నొక్కినప్పుడు లోపలికి జరిగి, రెండు కొలతల్లోనూ మందం లెక్క సరిచేస్తుంది. చెడేది వేరే విధంగా. టేపు కింద పడి కొక్కెం వంగితే అప్పట్నుంచి ప్రతి కొలతా ఒకటో రెండో మిల్లీమీటర్లు తేడా వస్తుంది. అనుమానముంటే 10 సెంటీమీటర్ల గీత దగ్గర్నుంచి కొలవడం మొదలుపెట్టి, వచ్చిన అంకెలోంచి 10 తీసేయాలి. తీసేయడం మరిచిపోతే చెక్క 10 సెంటీమీటర్లు పొడుగ్గా తెగుతుంది. పొట్టిగా తెగడం కన్నా నయమే. గూడు లోపలి కొలతకు టేపు డబ్బా మీద ముద్రించిన దాని సొంత పొడవు కలుపుకోవాలి, రేకును మూలలో వంచి అంచనాగా చదవకూడదు. ఒక పనికి ఒకే టేపు వాడటం అన్నిటికన్నా ముఖ్యం. గోడ ఒక టేపుతో, బల్ల ఇంకో టేపుతో కొలిస్తే రెండూ మంచివే అయినా అతుకు దగ్గర తేడా బయటపడుతుంది.

రసమట్టం సంచిలో పట్టేది 23 సెంటీమీటర్లది, అడుగున అయస్కాంతం ఉన్నది తీసుకోవాలి. కొనేచోటే పరీక్షించవచ్చు. బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అదే చోట అటుదిటు తిప్పి పెట్టాలి. బల్ల వాలుగా ఉన్నా ఫర్వాలేదు, బుడగ రెండుసార్లూ ఒకే దిక్కుకు ఒకే దూరం జరిగితే రసమట్టం మంచిదే. మొదట ఎడమ కొసకు, తిప్పాక కుడి కొసకు పోతే దాన్ని అక్కడే వదిలేయాలి. పొట్టి రసమట్టంతో పొడుగాటి అర బిగించేటప్పుడు ఇంకో చిక్కుంది. చిన్న తేడా కంటికి ఆనదు, రెండు మీటర్ల చివర మాత్రం కొట్టొచ్చినట్టు కనపడుతుంది. వంకర లేని బద్ద ఒకటి కింద పెట్టి దాని మీద ఉంచి చూస్తే ఆ బెడద తగ్గుతుంది. ఒక గది నుంచి మరో గదికి మట్టం తీసుకెళ్లాలంటే తాపీ మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్‌ను, అంటే నీళ్లు నింపిన గొట్టాన్ని, మించింది లేదు. పారదర్శకమైన సన్న గొట్టం పది మీటర్లు చుట్టి పెట్టుకుంటే సంచిలో పడుతుంది. గొట్టంలో గాలిబుడగ ఒక్కటి మిగిలినా రెండు కొసల నీళ్లూ ఒక మట్టానికి రావు. అందుకని నింపేటప్పుడు బకెట్‌లోంచి నోటితో లాగి ఏకధారగా నింపాలి.

నిలువు చూడటానికి దారానికి కట్టిన గుండు చాలు. మూలమట్టం 15 సెంటీమీటర్లది పెట్టుకోండి. దాన్నీ పరీక్షించాలి: చెక్క తిన్నని అంచుకు ఆనించి గీత గీసి, తిరగేసి అదే చోట మళ్లీ గీయాలి, రెండు గీతలూ ఒకటైపోతే మూల సరైనది. పెన్సిల్ చదునుగా ఉండే వడ్రంగి పెన్సిలైతే దొర్లిపోదు. తిన్నని గీత కోసం రంగుపొడి అద్దిన ముగ్గుదారం కొట్టే అలవాటుంటే నీలం పొడి వాడండి. ఎరుపు రంగు గోడలోంచి పోదు, మీద వేసిన సున్నంలోంచీ పైకి వస్తుంది.

పట్టే పనిముట్లలో నాలుగు కావాలి: 20 సెంటీమీటర్ల కటింగ్ ప్లయర్, 15 సెంటీమీటర్ల నోస్ ప్లయర్, 25 సెంటీమీటర్ల వాటర్ పంప్ ప్లయర్, 25 సెంటీమీటర్ల స్క్రూ పానా (దవడల వెడల్పు మార్చుకునే పానా). కటింగ్ ప్లయర్‌తో నట్లు తిప్పడం అందరూ చేసే పనే, ఆరు మూలలూ అరిగి గుండ్రమయ్యాక ఏ పానాకూ చిక్కవు. స్క్రూ పానాకు దిక్కుంది. తిప్పినప్పుడు భారం కదలని దవడ మీద పడాలి, అంటే కదిలే దవడ ఉన్న వైపుకే పిడిని లాగాలి. ఎదురు తిప్పితే కదిలే దవడ వెనక్కి నెట్టుకుపోయి జారుతుంది, చేతి కణుపులు గోడకు తగులుతాయి. మెరుగు పెట్టిన కుళాయి నట్టుకు దవడల మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క గానీ మందపాటి గుడ్డ గానీ పెడితే గీతలు పడవు.

పానాల సెట్టు మొత్తం మోయనక్కర్లేదు. 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10 పానా, 8 బోల్టుకు 13, 10 బోల్టుకు కొన్నింట 17, కొన్నింట 16 పడతాయి. ఈ నాలుగూ ఉంటే మిగతావి స్క్రూ పానా చూసుకుంటుంది. అలెన్ కీలు మిల్లీమీటర్లవి, ఒకటిన్నర నుంచి 10 దాకా ఉన్న మడత సెట్టు చాలు. అంగుళాల కొలతలో తయారైన గుంతలో మిల్లీమీటర్ల కీ వదులుగా పడితే బలవంతం చేయవద్దు. లోపలి ఆరు మూలలు పోయాక బోల్టును డ్రిల్ చేసి తీయడం తప్ప దారి ఉండదు.

పైపు పనిలో కొత్తవాళ్లను తికమక పెట్టేది అర అంగుళం మాట. అర అంగుళం మర (పైపు కొస మీది చుట్ల గాడి) బయటి కొలత దాదాపు 21 మిల్లీమీటర్లు, ముప్పావు అంగుళానిది 26.4, అంగుళానిది 33 పైచిలుకు. టేపుతో కొలిచి ముప్పావు అనుకుని తెచ్చిన కుళాయి సరిపోక వెనక్కి పోవడానికి ఇదే కారణం. మరకు తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు కొస మీ ముఖం వైపు పెట్టి, గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి. అప్పుడే బిగించేటప్పుడు టేపు ఇంకా బిగుసుకుంటుంది, ఎదురు చుట్టితే ఊడి ముద్దగా ముందుకొస్తుంది. మొదటి మరను వదిలి మొదలుపెడితే టేపు పీలికలు నీళ్లలోకి పోయి కుళాయి జల్లెడలో అడ్డం పడవు. ఇదంతా మెయిన్ వాల్వు కట్టేసి, గొట్టంలోని నీళ్లు వదిలాక చేయాల్సిన పనే.

సుత్తి గురించి మీ వ్యాసం చాలా రాసింది కాబట్టి క్లుప్తంగా చెబుతాం. తల బరువు 450 గ్రాములు, వెనక మేకులు పీకే చీలిక ఉన్నది. మేకు పీకేటప్పుడు తల కింద చెక్కముక్క పెడితే గోడకు గుంట పడదు, పట్టూ పెరుగుతుంది. కాంక్రీటు మేకులు గట్టిబరిచిన ఉక్కు కనుక వంగవు, విరిగి ఎగురుతాయి. కళ్లద్దాలు లేకుండా కొట్టవద్దు. ఒక సుత్తిని ఇంకో సుత్తితో కొట్టడం, మేకుల సుత్తితో రాతి ఉలిని బాదడం అంతకన్నా ప్రమాదం. గట్టి ముఖం పెచ్చులై లేస్తుంది. గోడ చెక్కే పని ఉన్నరోజు కిలో సమ్మెట, రాతి ఉలి విడిగా తీసుకెళ్లండి. ఆ ఉలి నెత్తి పుట్టగొడుగులా విప్పారితే ఆ అంచు సాన పట్టి తీశాకే వాడాలి. కర్ర పిడి వదులైతే నీళ్లలో నానబెట్టడం పాత అలవాటు. ఆ పూటకు బిగుస్తుంది, ఆరాక మునుపటికన్నా వదులవుతుంది. చీల కొట్టి బిగించడమే మార్గం. చెక్క అంచున మేకు దిగేటప్పుడు చీలుతుంటే మొనను సుత్తితో ఒక దెబ్బ కొట్టి మొద్దు చేయండి, అప్పుడది నారను చీల్చకుండా నలుపుకుంటూ దిగుతుంది.

చెక్క ఉలులు రెండు, 12, 25 మిల్లీమీటర్లవి, మొనకు తొడుగులతో. రంగు డబ్బా మూత తెరవడానికి ఉలి వాడితే పదును అక్కడితో సరి. ఆ పనికి 5.5 బద్ద స్క్రూడ్రైవర్ ఉంది.

హ్యాక్సా బొమ్మలో మీ చిత్రకారుడు బ్లేడు పళ్లను పిడి వైపు వేశాడు. పళ్లు ముందుకు, అంటే పిడికి అవతలి వైపు ఉండాలి. కోత నెట్టేటప్పుడు పడుతుంది, వెనక్కి లాగేటప్పుడు ఒత్తిడి తీసేయాలి. అంగుళానికి 24 పళ్ల బ్లేడు ఇంటి పనులన్నిటికీ సర్దుకుంటుంది. కోసే వస్తువు మందంలో కనీసం మూడు పళ్లు ఆనాలి. 24 పళ్లదానిలో పంటికి పంటికి మధ్య దూరం మిల్లీమీటరు పైనే కాబట్టి 3 మిల్లీమీటర్ల కన్నా పలుచని రేకును నేరుగా కోస్తే పళ్లు ఇరుక్కుని విరుగుతాయి. పలుచని రేకుకు 32 పళ్లది వాడాలి, లేదా రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య రేకును బిగించి మూడూ కలిపి కోయాలి. 30 సెంటీమీటర్ల బ్లేడు పట్టే ఫ్రేము చాలా సంచుల్లో అడ్డంగా పట్టదు. 15 సెంటీమీటర్ల చిన్న హ్యాక్సా సంచికి, పెద్దది ఇంటికి అనుకోవడం మేలు. చెక్కకు 35 సెంటీమీటర్ల చేతిరంపం, పళ్లకు తొడుగు వేసి, సంచి వెనక జేబులో నిలబెట్టాలి.

కత్తి 18 మిల్లీమీటర్ల విరిచే బ్లేడుది. మొద్దుబారిన బ్లేడే చేతిని కోస్తుంది, ఎందుకంటే దానికి బలం పెట్టి లాగుతాం. ముక్క విరిచేటప్పుడు నోస్ ప్లయర్‌తో పట్టుకుని, మొన కిందికి పెట్టి విరవాలి. పుట్టీ బ్లేడు రెండు: రంగు గీకడానికి 50 మిల్లీమీటర్ల గట్టిది, నింపడానికి 100 మిల్లీమీటర్ల వంగేది. గట్టిదానితో పుట్టీ పూస్తే గీతలు మిగులుతాయి. పాత రంగు పొరలను పొడిగా రుద్దవద్దు. పాతకాలపు రంగుల్లో సీసం ఉండే వీలుంది. నీళ్లు చల్లి తడిగా గీకి, ఆ పెచ్చులు ఏరి పారేయాలి. ఆస్బెస్టాస్ రేకు కనపడితే ఈ సంచిలోని ఏ పనిముట్టూ దాని మీద పెట్టకూడదు.

మీ జాబితాలో కరెంటు టెస్టర్ ఉంది, దాన్ని ఎంతవరకు నమ్మాలో లేదు. పెన్నులాంటి నియాన్ టెస్టర్ వెలగలేదని కరెంటు లేదనుకోకూడదు. లోపలి బుడ్డి వెలగాలంటే అతి సన్నని కరెంటు మన ఒంట్లోంచి నేలకు పోవాలి. ఎండిన కర్ర నిచ్చెన మీద రబ్బరు చెప్పులతో నిలబడితే వెలుగు మసకబారుతుంది, వెలుతురు ఎక్కువ ఉన్నచోట కనపడనే కనపడదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. న్యూట్రల్ తీగ ఎక్కడో తెగి, ఆ లైన్లో ఒక లైటు ఆన్‌లో ఉందంటే సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది. రెండు మొనలతో తాకించి చూసే టెస్టర్ గానీ, క్యాట్ త్రీ (ఇంటి వైరింగ్ మీద వాడదగ్గ భద్రతా తరగతి) అని ముద్రించిన మల్టీమీటర్ గానీ సంచిలో ఉండాలి. వాడే క్రమం ఇది: ముందు కరెంటు ఉందని తెలిసిన సాకెట్‌లో పెట్టి పనిచేస్తోందో లేదో చూడాలి, మెయిన్ ఆపి పని చేయాల్సిన చోట చూడాలి, మళ్లీ తెలిసిన సాకెట్‌కు వెళ్లి చూడాలి. మూడో అడుగు ఎవరూ వేయరు. మధ్యలో బ్యాటరీ అయిపోయినా, తీగ ఊడినా పట్టించేది అదే. నియాన్ టెస్టర్‌తో స్క్రూలు బిగించడమూ మానాలి, మెలితిప్పితే పిడి చిట్లుతుంది.

గోడలో రంధ్రం వేయాలంటే డ్రిల్ వేరే మోసుకెళ్లాల్సిందే, బిట్టూ, గోడలో స్క్రూను పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గులూ మాత్రం సంచిలోనే ఉంచండి. 6 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 6 మిల్లీమీటర్ల బిట్టు. రంధ్రం ప్లగ్గు పొడవు కన్నా 10 మిల్లీమీటర్లు లోతుగా వేసి, లోపలి పొడి ఊది తీసేయాలి. పొడి మిగిలితే ప్లగ్గు పూర్తిగా దిగదు, బయటికి పొడుచుకొచ్చిన తలను కోయాల్సి వస్తుంది. బిట్టుకు ఇన్సులేషన్ టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోవచ్చు. స్క్రూ పొడవుకు లెక్కుంది: ప్లగ్గు పొడవు, బిగించే వస్తువు మందం, స్క్రూ మందం మూడూ కూడాలి. గోడ మీది సిమెంటు పూతను బలంగా లెక్కించకూడదు. ప్లగ్గు దాన్ని దాటి ఇటుకలోనో కాంక్రీటులోనో కూర్చోవాలి. తగిలించిన అర నెల తిరక్కుండా ఊగడం మొదలైతే ప్లగ్గు పూతలోనే ఆగిపోయిందని అర్థం. స్విచ్‌బోర్డుకు నిటారుగా పైనా, కిందా రంధ్రం వేయవద్దు, తీగలు ఎక్కువగా నడిచేది ఆ దారినే.

ఇక సంచి. అడుగు గట్టి ప్లాస్టిక్‌ది, పొడవు 40 సెంటీమీటర్లు, నోరు పూర్తిగా తెరుచుకునేది. సన్న మూతి సంచిలో కావలసిన వస్తువెప్పుడూ అడుగునే ఉంటుంది. బరువు 7 కిలోలు దాటనివ్వవద్దు. నిచ్చెన ఎక్కేటప్పుడు ఒక చెయ్యి నిచ్చెనకే కావాలి. సుత్తి, ప్లయర్లు అడుగున, కొలిచేవి ఒక పక్క జేబులో, కోసేవి ఇంకో పక్క జేబులో, కళ్లద్దాలు, మాస్కు అన్నిటికన్నా పైన. కళ్లద్దాలు అడుగున ఉంటే తీసేవాళ్లుండరు. తలకు పెట్టుకునే టార్చి చేతిలో పట్టే టార్చికన్నా మేలు, సింకు కింద రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. సిమెంటు దుమ్ము తేమను పట్టి ఉంచి ఇనుమును తినేస్తుంది కనుక పని ముగిశాక సంచి బోర్లించి దులిపి, ఉక్కు వస్తువులను రెండు చుక్కల నూనె గుడ్డతో తుడవాలి. రసమట్టానికి, టేపు రేకుకు నూనె వద్దు, పొడిగుడ్డ చాలు. రెండు నెలలు ముట్టుకోని వస్తువు ఏదన్నా కనిపిస్తే దాన్ని తీసి ఇంట్లో అలమరలో పెట్టండి. టెస్టర్‌కూ కళ్లద్దాలకూ మాత్రం ఈ లెక్క వర్తించదు.

ఇట్లు,
వడ్రంగం, ప్లంబింగ్, వైరింగ్ పనులు చేసే కొందరు పాఠకులు